గుంటలో ఊట

మావాళ్లు అద్దె ఇల్లు చూడబోతే పైకప్పు చూడరు, గోడలు చూడరు. మగ్గం గుంట ఎక్కడుందని అడుగుతారు. నేసే మనిషి పొద్దంతా నేల అంచున కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి, అడుగున ఉన్న పలకలు తొక్కుతూ ఉండాలి. గుంట కుదిరితే ఇల్లు కుదిరినట్టే.

2007 ఎండాకాలంలో నేనూ, నా కొడుకు చంద్రశేఖర్, కోడలు జయశ్రీ భివండి నుంచి గద్వాలకు తిరిగి వచ్చి, నా ఆడబిడ్డ పద్మమ్మ ఇంట్లో దిగాం. మనవరాలు వైష్ణవిని సోలాపూర్‌లో దాని అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చాం. ఇల్లు దొరికి, మగ్గం నిలబడితేనే పిల్లను తెచ్చుకోవడం. రైలు కదిలేటప్పుడు అది కిటికీ ఊచ పట్టుకుని వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. ఆ పని నేనే చేశాను.

మేము ఊరు విడిచినప్పుడు గద్వాల ఎడారి. రెండు నదుల నడుమ ఉన్న ఊరే కానీ, ఆ నీళ్లు మా వీధి వైపు ఏనాడూ తిరిగి చూడలేదు. తాగడానికే కాదు, నేతకూ నీళ్లు కావాలి. గాలి పొడిగా ఉంటే నూలు పెళుసెక్కి పోగు పుటుక్కున తెగుతుంది. అందుకని రోజూ గుంటలో ఇన్ని నీళ్లు చల్లి, ఆ చల్లదనం ఆరేలోగా నేసుకునేవాళ్లం. తాగే కడవలోంచి గుంటకు నీళ్లు తీస్తుంటే ప్రాణం ఉసూరుమనేది. పద్మమ్మా నేనూ కోట వెనక బావి దగ్గర కడవలు వరుసలో పెట్టి, ఆ వరుస కదిలేదాకా అక్కడే కూర్చుని పేలు చూసుకునేవాళ్లం. వానలు వరుసగా ఎగ్గొట్టాక నా భర్త తిరుపతయ్య మగ్గం విప్పేశాడు. గుంట మీద తలుపు చెక్క కప్పి, భివండి మరమగ్గాల షెడ్లకు మమ్మల్ని తీసుకుపోయాడు. ఆయన అక్కడే పోయాడు. పెద్దకూతురు కాన్పులో పోయింది. మిగిలినవాడు చంద్రశేఖర్. మరమగ్గాల మోతలో వాడికి ఒక చెవి వినపడటం తగ్గింది. ఇంట్లో ఎవరైనా సంచి సర్దుతుంటే ఇప్పటికీ నేను ఆ పక్కకు చేరతాను. ఎక్కడికని అడుగుతాను, చెబుతారు, కాసేపటికి మళ్లీ అడుగుతాను.

బడికి పోలేదు గానీ, భివండిలో చీరలకు చుట్టి వచ్చే తెలుగు పేపర్లు కూడబలుక్కుంటూ చదవడం, నాలుగు ముక్కలు రాయడం నేర్చుకున్నాను. జూరాల కాలువ నీళ్లతో గద్వాల చుట్టూ వరి పచ్చబడిందని ఆ కాగితాల్లోనే చదివాను. మా షెడ్డు మూతపడ్డప్పుడు, చంద్రశేఖర్ సూరత్ పోదామా అని అడిగితే, గద్వాల పోదామన్నది నేనే. మా చీరలకు మళ్లీ గిరాకీ వచ్చింది, నేసేవాళ్లకు పని ఇచ్చే షావుకార్లు ఉన్నారు. అదొక్కటే కారణమని వాడితో చెప్పాను. పద్మమ్మ పక్కన బతకాలని నాకు ఎంత ఉందో చెప్పలేదు.

పద్మమ్మ మొగుడు పోయి చాలాకాలం. వీపనగండ్లలో ఉన్న కూతురు తీసుకుపోతే, అల్లుడు మొహం ఇచ్చి మాట్లాడటం లేదని నెల తిరక్కుండా వచ్చేసింది. మోకాళ్లు అరిగి, గడప దాటడానికి కూడా గోడ పట్టుకుంటుంది. ఆమె ఇంటికి గోడకు గోడగా ఉన్న ఇల్లు ఖాళీగా ఉంది. ఇంటివాళ్లు రాయచూరులో ఉంటారు. తాళం చెవి పద్మమ్మ బొడ్లోనే ఉంటుంది.

“ఊరంత తిరిగి రాండ్రి వదినా. తిరిగినంక గీడికే వస్తరు, నాకెరుక,” అంది.

మొదట బస్టాండు వెనక కొత్త కాలనీకి పోయాం. ఇల్లు గచ్చకాయలా నున్నగా ఉంది. ఇంటాయన ఫ్యాన్లు తిప్పి చూపించాడు, కొళాయి తిప్పి చూపించాడు.

“మగ్గమా? పెట్టుకోండ్రి, నాకేం. గోడకానుకోని పెట్టుకోండ్రి.”

“గుంట తవ్వాలె సారూ,” అన్నాను.

“యాడ?”

“గీడ. నడింట్ల.”

ఆయన ఫ్యాను ఆపేశాడు. “బండలు పరిపించిన ఇంట్ల గుంట తవ్వుతరా? కిరాయికి దిగుతుండ్రా, సమాధి కట్టుకుంటుండ్రా?”

చంద్రశేఖర్ మంచి చెవి ఇటు తిప్పి, “ఏమంటుండు?” అన్నాడు.

“సమాధి అంటుండు,” అంది జయశ్రీ.

“ఎవరికి?”

“మనకే. నడువు.”

రెండోది గట్టు మీది వరస. రైలు పట్టాల అవతల, రాతినేల మీద కొత్తగా కట్టుకున్న రేకుల ఇళ్లు. ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు వస్తోంది. అక్కడ ఇల్లు చూపించిన నర్సింహులు నా భర్తకు చిన్ననాటి దోస్తు. గుంటను చూసి చంద్రశేఖర్ మొహం వెలిగింది. గట్టి మొరంలో చెక్కిన గుంట, అంచులు కత్తితో కోసినట్టున్నాయి.

“దిగు అల్లుడా, ఎగురు, దుంకు,” అన్నాడు నర్సింహులు. “గడ్డపార వంగింది గానీ గుంట కూలలే.”

నేను మాత్రం గాలి చూస్తున్నాను. పొడిగాలి, చెవుల్లో ఈలలు వేస్తోంది. నీళ్లకు ట్యాంకరు రావాలట. వీధి చివర బిందెలు వరుసలో ఉన్నాయి. ఆ వరుస చూడగానే నడుము నొప్పి పుట్టింది. నీళ్లున్న ఊరికి తిరిగొచ్చి మళ్లీ ఇదేనా అనిపించింది. పైగా గట్టు కింది నుంచి పద్మమ్మ ఈ రాళ్లదారి ఎన్నటికీ ఎక్కలేదు.

“గీడ పోగు నిలుస్తదా నర్సింహులన్నా? తెగదూ?”

“తెగుతది. అతుకుతం. పోగులు తెగకపోతే ఆడోళ్లకు తిట్టుకునేతందుకు ఏముంటది?” నవ్వాడు. తర్వాత అడిగాడు, “మీ పాత వీధిల గూడ చూస్తుండ్రా?”

“పద్మమ్మ పక్కిల్లు ఉన్నది కదా.”

ఆయన నవ్వు ఆగింది. “ఆఁ... పద్మమ్మ ఉన్నది కదా, ఆమెకన్ని ఎరుకనే. మీ ఇష్టం,” అన్నాడు.

ఆ సాయంత్రం పద్మమ్మ తాళం తీసింది. నేను చెప్పులు విడిచి పక్కింటి గుంటలోకి దిగాను. కాళ్లకు చల్లగా తగిలింది. వేళ్ల సందుల్లో మన్ను మెత్తగా అంటుకుంది. ఎర్రటి ఎండల్లో, ఎవరూ నీళ్లు చల్లని గుంట అది. నూలుకు ఇంతకంటే ఏం కావాలి? గుంట తడిస్తే చాలని కడవలు మోసిన దాన్ని నేను. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

చంద్రశేఖర్ అడుగు మన్ను పిడికిట్లోకి తీసుకుని పిసికాడు. అది ముద్దయింది.

“ఎండాకాలంల గింత తడేందమ్మా?”

“కాలువ రాలేదారా? ఊరు సల్లవడ్డది,” అన్నాను. “ఏమే పద్మా, గుంటకు నీళ్లు మోసే పీడ వదిలింది గదనే!”

“ఆఁ, వదిలింది వదినా,” అని పద్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. చెమట అనుకున్నాను.

బయటికి వచ్చాక చంద్రశేఖర్ మెల్లగా అన్నాడు, “గట్టు మీది గుంట గట్టిది. గాడికి పోదామమ్మా.”

“గాడ నాకెవరున్నరురా?”

వాడు నాకు ఎదురు చెప్పేవాడు కాదు. పిడికిట్లో ఉన్న మట్టిముద్దను గోడవారగా పడేసి, “సరే, నీ ఇష్టం,” అన్నాడు.

ఆ రెండు మూడు నెలలు నా బతుకులో ఇప్పటికీ వేరుగా నిలిచి ఉన్నాయి. పద్మమ్మ పక్కింట్లో మగ్గం దించాం. గద్వాల చీరకు ఒళ్లంతా వేసే నూలు వేరు, పట్టు అంచు వేరు. రెంటినీ నేతలోనే కలపాలి. నేసేవాడి పక్కన అంచు దగ్గర ఇంకొకరు కూర్చుని పోగు మోసే నాడె అందుకుని తిప్పి విసరాలి. జయశ్రీకి ఆ పని ఇంకా చేతికి రాలేదు. కాబట్టి అంచు దగ్గర నేనే కూర్చునేదాన్ని. చీరలు దిగి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పోగు కొసకు కొత్త పోగును బూడిద చేత్తో మెలేసి అతకాలి. ఆ పనికి పద్మమ్మ గోడ పట్టుకుంటూ వచ్చేది. వేళ్లు ఆడుతుంటే ఆమె నోరు అంతకంటే ఎక్కువ ఆడేది.

భివండి మరాఠీ అలవాటుతో జయశ్రీ ఏది పిలిచినా “కాయ్?” అంటుంది. ఏంది అని దాని అర్థం.

“పొద్దున్నుంచి కాయ కాయ అంటది నీ కోడలు,” అనేది పద్మమ్మ. “యాడున్నయే తల్లీ కాయలు, ఒకటి నాకియ్యరాదూ!”

“ఇస్త అత్తా, పండినంక,” అనేది జయశ్రీ. పద్మమ్మ పళ్లు లేని నోటితో నవ్వి నవ్వి, పోగు జార్చుకుని, నన్ను తిట్టేది.

వైష్ణవిని దసరాకు తెద్దామని అనుకున్నాం.

శ్రావణంలో వానలు పట్టాయి. కాలువలకు నీళ్లు వదిలారు. ఒకరోజు పొద్దున్నే చంద్రశేఖర్ గుంటలోకి కాళ్లు పెట్టి, తీసేసి, లోపలికి వంగి చూశాడు. అడుగున నీళ్లు. చెంబులతో తోడి పోశాం. మధ్యాహ్నానికి మళ్లీ ఊరాయి. మర్నాడు పలకలు తేలాయి. సిమెంటు వరలు దింపి చూశాడు, వరల అతుకుల్లోంచి నీళ్లు ధారగా కారాయి. నేలమీద నిలబెట్టే చెక్క మగ్గం పెట్టుకోమని ఒకరన్నారు, ఆ పాతింటి కప్పు దానికి సరిపోయే ఎత్తు లేదు. మగ్గం మీది పోగుల దాకా తడి ఎక్కి పడుగుకు బూజు పట్టింది. పట్టు అంచు మీద గోధుమరంగు మచ్చలు తేలాయి. షావుకారు చీరను వెలుతురుకు పట్టి చూసి, మడత పెట్టకుండానే తిరిగి ఇచ్చాడు. చంద్రశేఖర్ పాదాలు నానిపోయి, వేళ్ల సందుల్లో తోలు ఊడింది. అయినా కాళ్లకు నూనె రాసుకుని నీళ్లలోనే తొక్కుతూ కూర్చున్నాడు, నేను ఎంచుకున్న ఇల్లు కదా అని. ఒక్కసారి కూడా నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఒకరోజు మగ్గం తాళ్లు విప్పుతూ కనిపించాడు.

“ఏం జేస్తుండవురా?”

“నేను భివండి పోతనమ్మా. యాడనో ఒక షెడ్డుల పని దొరకదా. మీరిద్దరు గీడనే ఉండుండ్రి. నెలనెల పంపిస్త.”

“పిల్ల?”

“సోలాపూర్లనే ఉంటది.”

జయశ్రీ వంటింటి గడపలో నిలబడి ఉంది. కాయ్ అని కూడా అనలేదు. నేను వాడి చేతుల్లోంచి తాడు లాక్కున్నాను. “జర ఆగు. రెండు దినాలు ఆగు,” అన్నాను. ఏం చేస్తానో తెలియదు. చెప్పులు కూడా వేసుకోకుండా గట్టు మీదికి పోయాను.

ఆ వానలో కూడా అన్ని ఇళ్లలోనూ మగ్గాలు ఆడుతున్నాయి. నర్సింహులు పని ఆపి పైకి వచ్చాడు. నేను సంగతంతా చెప్పాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

“గా వీధిల కాలువొచ్చినంక ఊట పట్టినందుకే గదా చెల్లే, మేమంత గీ గట్టెక్కింది! ఒక్క ఇంట్ల గుంట లేదు గాడ, అన్నీ పూడ్చుకున్నరు. పద్మమ్మ ఇంట్ల గుంటకు మన్ను మోసింది నేనే. మీరు ఎరికుండే దిగినరనుకున్న. ఆమె చెప్పలేదా?”

దిగి వచ్చేటప్పుడు ఎక్కడ అడుగు వేశానో నాకు తెలియలేదు. ఎండాకాలంలో పద్మమ్మ ఇంట్లో అన్ని దినాలు పడుకున్నాను కదా, ఆమె మంచం కింద నేల వేరే రంగులో ఎందుకుందని అడగనే లేదు.

పద్మమ్మ గడపలో కూర్చుని కందులు చెరుగుతోంది.

“పద్మా, నీ గుంట ఏమాయె?”

చేట ఆగింది. “పూడ్పిచ్చిన.”

“ఎందుకు?”

“ఊటొచ్చె.”

“గా ముచ్చట నాకెందుకు చెప్పకపోతివే?”

“చెప్తే గట్టెక్కుతుంటివి.” ఆమె నా మొహంలోకి చూడలేదు. కందుల్లో రాయి ఏరి పక్కన వేసింది. “భివండిల ఉన్నప్పుడు పండుగకొక కార్డు ముక్కన్న రాస్తుంటివి. ఎవరితోనన్న చదివిచ్చుకుందును. గట్టు మీదికి పోతే గదీ రాయవు, దగ్గరనే కదా అని. రావు, రాయవు. నేను ఎక్కలేను.”

“వాని కాళ్లు చూసినవా? వాడు మళ్ల భివండి పోతనంటుండు!”

“పోతడని అనుకోలేదు వదినా. వానలు వడంగనే ఇల్లు మారుస్తరు, అంతే గదా అనుకున్న.” చేటను ఒళ్లోకి లాక్కుంది. “వానకాలం దాంక నాతోని ఉంటవని... ఒక్క ఎండాకాలమన్న పక్కింట్ల మగ్గం సప్పుడు వినవడ్తదని.”

తిట్టాలనే వచ్చాను. వస్తూ దారిలో మాటలు కూడా కూర్చుకున్నాను. కానీ ఆ ఇంటి తాళం నా బొడ్లో ఉండి, ఆమె రైలు దిగి వచ్చి ఉంటే నేను చెప్పేదాన్నా అని ఆలోచించాను. ఆమె పక్కన కూర్చుని చేటలో చెయ్యి పెట్టాను. ఇద్దరం రాళ్లు ఏరాం. చాలాసేపు ఏరాం, రాళ్లు అయిపోయాక కూడా.

“నువ్వు గూడ రావే గట్టు మీదికి,” అన్నాను చివరికి. “నర్సింహులుతోని చెప్పి బండి మీద ఎక్కిస్త.”

“సాకు, సాకు,” అంది. ఇక చాలు అనడానికి రాయచూరు దిక్కు మాట అది, ఆమె అత్తగారి నోట్లోంచి వచ్చింది. “ఒక్క అర్ర ఇల్లు. మేనల్లుడు ఇద్దరు ముసలోళ్లను యాడ పండవెడ్తడు? పిల్ల వస్తె యాడ పంటది?”

“మరి నువ్వు?”

“బిడ్డ రమ్మనవట్టె కదా.”

“గాడ నీతోని మాట్లాడెటోళ్లు లేరంటివి.”

“గీడ గూడ ఉండరు కదా ఇగ.”

నాకు అప్పుడు తెలిసింది, తేల్చాల్సింది నేనేనని. నేను ఈ వీధిలోనే ఉంటానంటే కొడుకు భివండికి పోతాడు, మనవరాలు సోలాపూర్‌లో పెరుగుతుంది. వాడొక్కడే గట్టు మీద మగ్గం వేయలేడు, అంచు దగ్గర కూర్చోవడానికి నేను కావాలి. ఎవరి వేళ్లు విడదీయాలో నన్నే అడుగుతున్నట్టు ఉంది. పద్మమ్మ నా జవాబు కోసం ఆగలేదు. చేటలోని కందులు డబ్బాలోకి పోసి, మూత పెట్టి, దాన్ని నా ఒళ్లో పెట్టింది.

“పట్కపో. గాడి నీళ్లల్ల మంచిగ ఉడకయంట, నానవెట్టి వండు,” అంది.

నర్సింహులు చూపిన ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది, ఆ వారంలోనే గట్టెక్కాం. మగ్గం దుంగలను చంద్రశేఖర్, నర్సింహులు మోశారు. వీధి చివరి నుంచి వెనక్కి చూస్తే పద్మమ్మ గడపలో లేదు. లోపలే ఉంది, నాకు తెలుసు. నేనూ పిలవలేదు.

భాద్రపదం చివర కూతురు వచ్చి ఆమెను తీసుకుపోయింది. మాకు ముందురోజు కబురు తెలిసింది. వీపనగండ్ల దారిలో పెబ్బేరు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టారు. నేను బస్సెక్కి ఆమె కొంగు సర్దాను, సంచి సర్దాను, సర్దిందే మళ్లీ సర్దాను.

“పెద్దమ్మా, నువ్వు ఎక్కుతున్నవా, దిగుతున్నవా?” అన్నాడు కండక్టరు.

“దిగుతనయ్యా, దిగుతున్న.”

“ఆమె గంతే,” అంది పద్మమ్మ అతనితో. “ఎక్కడానికి తొందర, దిగడానికి బద్ధకం.” అతను నవ్వాడు. ఆమె నా మణికట్టు పట్టుకుంది. “గుంట ఎట్లున్నది?”

“పొడిగున్నది.”

“మేనల్లుని కాళ్లు?”

“మానినయి.”

“గదే కావాలె,” అంది. తర్వాత నాకు మాత్రమే వినపడేట్టు, “కోపమున్నదా వదినా?” అని అడిగింది.

లేదన్నాను. అది నిజం. కానీ బస్సు అప్పటికే మోత మొదలుపెట్టింది, ఆమెకు వినపడిందో లేదో తెలియదు. కింద నిలబడి తల అడ్డంగా ఊపాను. కోపం లేదని ఊపాను. పోవద్దంటున్నానని అనుకుందేమో, ఆమె కూడా తల అడ్డంగా ఊపి, కళ్లు మూసుకుంది. బస్సు ఎర్రవల్లి దారి పట్టింది.

అలవాటు కొద్దీ పాత వీధి మలుపు దాకా నడిచి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగాను.

గట్టెక్కేసరికి జయశ్రీ ఎదురొచ్చింది. సోలాపూర్ నుంచి ఫోను వచ్చిందట. ఆదివారం వాళ్ల తమ్ముడు వైష్ణవిని తీసుకొస్తున్నాడట. పిల్ల అప్పుడే బట్టలు సర్దుకుని, సంచి మీదే కూర్చుందట. చెబుతూ చెబుతూ నా మొహం చూసి ఆగిపోయింది.

“మంచిదే బిడ్డా. కందులు నానవెట్టు,” అన్నాను.

లోపలికి పోయి అంచు దగ్గర కూర్చున్నాను. నా నాడె నేను తీసుకున్నాను. చంద్రశేఖర్ గుంటలోకి కాళ్లు దించాడు. పలక మీద కాలు పెట్టి కూడా తొక్కకుండా, నేను ఊ అనేదాకా అట్లాగే కూర్చున్నాడు.